ఇరవై ఏడో నంబరు ఫోను

చీమకుర్తి రాళ్ల యార్డు నుంచి మూడోసారి ఫిర్యాదు:
"ఇరవై ఏడో నంబరు ఫోను మధ్యలో తెగిపోతా ఉండాది."
ముందొచ్చిన కుర్రాడు ఒకసారి సెట్టు మార్చాడు,
ఇంకోసారి తీగ మార్చాడు.
ఈసారి ఒంగోలు నుంచి నేనే బండేసుకుని వచ్చాను,
చొక్కా నిండా దారిలో పట్టిన రాతిపొడి.

కాటా గది. కిటికీ అవతల లారీ ఎక్కితే
గది కూడా ఒక అంగుళం కుంగినట్టుంటుంది.
ఫోను ముందు మాలకొండయ్య.
"ఏదీ, ఒకసారి నంబరు కొట్టు పెద్దాయనా" అన్నాను.

లెడ్జరు వెనక అట్ట మీద నంబర్లు.
ఒక అంకె పైకి చదువుతాడు.
కళ్లద్దాలు దించి మీట వెతుకుతాడు.
నొక్కుతాడు. నొక్కిన వేలి వంక అనుమానంగా చూస్తాడు.
మళ్లీ అట్ట దగ్గరికి పోయి
ఎక్కడ ఆగాడో ఆ చోటు వెతుక్కుంటాడు.
"పద్దెనిమిదేళ్లు డ్రిల్లింగు మిషను పట్టినా.
వేళ్లన్నీ తిమ్మిరి.
మీట దిగిందో లేదో కంటితో చూస్తేగాని తెలవదు."

గడియారం చూశాను.
అంకెకీ అంకెకీ నడుమ అయిదు సెకన్లు.
నాలుగో అంకె దాటాక ఏడు.
తలుపు వెనక, నిరుటి క్యాలెండరు కింద
బూడిదరంగు పెట్టె మాత్రం నాలుగే ఇస్తుంది.
నాలుగు సెకన్లు చప్పుడు లేకపోతే
మనిషి చెప్పాల్సింది అయిపోయిందనుకుంటుంది.
చేతికందిన అయిదంకెలూ పట్టుకుని ఎక్కడికో పరిగెత్తి
అక్కడెవరూ లేరని తిరిగొచ్చి కుయ్‌కుయ్‌మంటుంది.
దాన్నేం అనగలను?
నేను వినేదీ అట్లాగేనని మా ఆవిడ అంటుంది.

పది చేశాను.
మూత బిగించేలోపే
లెక్కల గదిలోంచి రమీజా కేక:
"ఏందిది, బ్యాంకుకి కొడితే
ఫోను చచ్చినట్టు పడుండాది!"
ఇంకో అంకె ఉందేమోనని
పెట్టె మర్యాదగా కాచుకుని ఉంది, పాపం.

అందరికీ కాదు, ఒక్క ఇరవై ఏడుకే పది.
ఆ దారి వేరే. పుస్తకంలో నలభై మూడో పేజీ,
జిరాక్సుకి జిరాక్సు, మూడేదో ఎనిమిదేదో తేలదు.
రహస్య సంఖ్య నొక్కి
(ఎవరూ ఎప్పుడూ మార్చని ఒకటి రెండు మూడు నాలుగే)
పేజీ మీదికి వంగి, కళ్లజోడు సర్దుకుని
తర్వాతి అంకె చూసి తలెత్తేసరికి
కుయ్.
బయటికి నెట్టేసింది నన్ను.
మళ్లీ మొదట్నుంచి. ఆరో అంకె దగ్గర కుయ్.
సరిచేయబోయినవాడికీ ఒక గడువుందని,
ఆ గడువు మార్చే దారి ఆ పుస్తకంలో లేదని
ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆ రోజే చూశాను.

మాలకొండయ్య కుర్చీ దగ్గరికి లాగాడు.
"ఇటు తే. నేను చదువుతా, నువ్వు నొక్కు.
చదవటానికి వేళ్లతో పనేంది?
అయిదు. సున్నా. రెండు, మళ్లా రెండు.
అది ఎనిమిది కాదయ్యా, మూడు.
కడుపు తెరిచుండాది చూడు.
ఏడు. ఒకటి. సున్నా. చుక్క."
పొడుగ్గా ఒక్క కూత. ఒప్పుకుంది.

మేనేజరు కోటిరెడ్డి గుమ్మంలో నిలబడి
"ఇంతేనా? దీనికి మూడొందల యాభయ్యా?
ఆయన్నే కాస్త బిరబిరా నొక్కమంటే పోయేదిగా!"
మాలకొండయ్య ఏమీ అనలేదు. లెడ్జరు తిరగేశాడు.

పొద్దున పోయిన లారీ. తూకం చీటీలో తేడా.
కృష్ణపట్నం చేరకముందే డ్రైవరుకి చెప్పాలి.
తొమ్మిది. నాలుగు. నాలుగు.
సున్నా దగ్గర ఆగాడు.
అట్ట మీద ఈగ వాలితే విదిలించాడు.
నాకు తెలియకుండానే లోపల లెక్క: అయిదు, ఆరు, ఏడు,
రమీజా కూడా వచ్చి నిలబడింది, ఎనిమిది,
వేలు దిగింది.
పెట్టె ఏమీ అనలేదు.

చివరి అంకె తర్వాత రింగు. హారన్ల మధ్య
"ఎవురూ?" అని ఒక గొంతు.
"నేనబ్బాయ్, కాటా మాలకొండయ్యని.
యాడుండావు? టంగుటూరు దాటావా?
బండి పక్కన పెట్టు. చెప్తా, నిదానంగా రాసుకో."

రసీదు పుస్తకంలో 'చేసిన పని' అని ఒక గడి.
ఏం రాయాలో తోచక పెన్ను పట్టుకుని కూర్చున్నాను.
"టీ తాగి రాద్దువులే" అంది రమీజా.