తిరిగొచ్చిన పైసలు

వానాకాలం పెట్టుబడి సాయం
నిన్న రాత్రి పదకొండింటికి బయల్దేరింది.
పొద్దున నేను బషీర్‌బాగ్ ఆఫీసు మెట్లెక్కి
(లిఫ్టు మొన్నటి నుంచీ లేదు)
మూడో అంతస్తు చేరేసరికి
దారి దొరకక వెనక్కొచ్చినవి
స్క్రీన్ మీద వరసకట్టి ఉన్నాయి.
రెండు వందల పద్నాలుగు పేర్లు.

నా పని చిన్నది.
పాసుబుక్కులో మనిషీ బ్యాంకులో మనిషీ
ఒకరేనా కాదా తేల్చడం.
అక్కడ గుండెబోయిన మల్లవ్వ,
ఇక్కడ గుండెబోయిన మల్లమ్మ.
ఆ 'వ్వ'కీ ఈ 'మ్మ'కీ మధ్య
ఎకరం పదిహేడు గుంటల పైసలు ఇరుక్కున్నాయి.
మీట నొక్కుతాను, మల్లవ్వ మల్లమ్మ అయిపోతుంది.
ఏ తొట్టెల పండక్కీ నన్ను పిలవలేదు,
రోజుకి నలభై మందికి పేర్లు పెడుతున్నాను.

పదకొండున్నరకి ఒక ఫోను.
"మేడం, మా బాపు సచ్చిపోయి ఆరు నెలలాయె.
పైసలైతె పడ్డయి.
తీసుకోవాల్నా, వద్దా?"
ఆ ప్రశ్నకి నా దగ్గర మీట లేదు.

శంషాబాద్ అవతల ముప్పై రెండెకరాలు,
రంగు రాళ్లు పాతి, కమాను కట్టి,
ఈతకొలను బొమ్మ వేసిన వెంచరు,
రికార్డులో ఇప్పటికీ జొన్న చేను.
దానివి మాత్రం ఒక్క తడవలో చేరాయి.
పేరు అక్షరం పొల్లుపోలేదు మరి.
పైసలకి కళ్లుండవు,
స్పెల్లింగ్ ఉంటుంది.

మధ్యాహ్నం నౌషీన్ ఖట్టీ దాల్ తెచ్చింది.
మా జీతాలు మూడు నెలలుగా
ఏజెన్సీవాడి 'ఎల్లుండి'లో ఉన్నాయి.
దాని గురించి మాట్లాడుకోలేదు,
పులుపు బాగా కుదిరిందనుకున్నాం.

రెండు నలభైకి కుర్వ ఆశప్ప వచ్చాడు.
మక్తల్ దగ్గర ఊరు. ఇమ్లీబన్‌లో దిగి
అడుక్కుంటూ నడిచొచ్చాడట.
చీరల దుకాణం సంచిలోంచి తీశాడు:
ఎరువుల రసీదులు, మోటారు వైండింగు బిల్లు,
నూనె మరకతో కౌలు కాగితం.
"మూడేండ్ల సంది నేనే దున్నుతున్న. నా పేరు సూడమ్మా."

చూశాను. సర్వే నంబరు తెరుచుకుంది.
కొండాపూర్, పదకొండో అంతస్తు, జమ అయినట్టు పచ్చ గుర్తు.

మా నాన్న పట్వారీ దగ్గర రాతగాడు.
పాత పహాణీలో పట్టాదారుని సిరాతో రాసేవాడు,
పక్క గడిలో అనుభవదారుని పెన్సిల్‌తో,
ఏడాదికోసారి చెరపడానికి వీలుగా.
చిన్నప్పుడు ఆ చెరిపిన పొట్టు
పుస్తకం మీంచి ఊదేదాన్ని నేనే.
ఇప్పటి స్క్రీన్లో ఆ గడే లేదు.
చెరిపే పని కూడా తప్పింది.

"అంత ఎత్తుల ఉండెటోళ్లకు యూరియా ఎందుకమ్మా?"
ఎకసెక్కం కాదు. నిజంగానే అడిగాడు.
నేను నీళ్ల సీసా జరిపాను.
తాగి, మూతి తుడుచుకుని,
"నేనొచ్చిన్నని ఒక కాయితమన్న ఇయ్యి,
ఇంట్ల సూపియ్యాలె" అన్నాడు.
అదీ ఇవ్వలేకపోయాను.

సాయంత్రం దిగుతూ గేటు దగ్గర
సందర్శకుల రిజిస్టరు తెరిచి చూశాను.
దారంతో కట్టిన పెన్నుతో, నీలి సిరాతో,
వంకర్లు పోయిన అక్షరాల్లో: ఆశప్ప.
వచ్చిన పని: పైసలు.
వచ్చిన టైము: 2.40.
పోయిన టైము గడి
ఖాళీగా ఉంది.