తూచ్

కుతాయిసి ఊళ్ళో, మందుల షాపు పైన
రెండో అంతస్తులో ఒక గది.
సాయంత్రం ఆరు దాటాక దాని తాళంచెవి నాది.
చీపురు, బకెట్టు, నా ఎడమ మోకాలు, నేను,
నలుగురం కలిసి మెట్లెక్కుతాం.

గది నిండా బొమ్మలే.
మూడు కాళ్ళ ప్లాస్టిక్ ఆవు,
తలుపు ఊడిన అంబులెన్సు,
ఎంత కొట్టినా లేచి నిలబడే రబ్బరు మనిషి,
బిస్కట్ డబ్బా నిండా గుండీలు.
కిటికీ కింద నీలం తొట్టి, అందులో
నల్ల సముద్రం ఒడ్డు నుంచి బస్తాలో వచ్చిన ఇసుక.

మొదట్లో నాకు ఒళ్ళు మండేది.
అంత చదువుకున్న మనిషి నెస్తాన్,
పిల్లల పక్కన నేల మీద చతికిలబడి
గంటసేపు ఏమీ అడగకుండా కూర్చోడానికి
జీతమెందుకో అనుకునేదాన్ని.

బుధవారాల పిల్ల టెక్లే.
ఆరేళ్ళది. ఎర్ర బూట్లు.
నవంబరులో కొండదారి మీద మినీబస్సు జారినప్పుడు
అమ్మమ్మ పక్క సీట్లో ఉంది.
ఇద్దరెక్కారు. ఒక్కతే దిగింది.
అప్పట్నించీ మాట లేదు.
టీచరు అడిగింది, పోలీసాయన అడిగాడు,
మేనత్త చాక్లెట్ చూపించి మరీ అడిగింది.
నెస్తాన్ అడగలేదు.

బుధవారాలు నేను తొందరగా వచ్చేదాన్ని.
తలుపు అద్దంలోంచి చూడకూడదు. తప్పే.
చూశాను.

పసుపు బస్సు ఇసుకగుట్ట ఎక్కుతుంది.
అంచుకి వస్తుంది.
టెక్లే వేలు తగులుతుంది.
బస్సు బోర్లా పడుతుంది.
"తూచ్" అంది పిల్ల.
మూడు నెలల తర్వాత ఆ నోట్లోంచి వచ్చిన మొదటి మాట.
మళ్ళీ గుట్ట కింద బస్సు.
మళ్ళీ అంచు.
తూచ్.

ఏం చెయ్యమంటే అదే నెస్తాన్.
ఒకసారి డ్రైవరు, ఒకసారి మంచు,
చాలాసార్లు ఆటలో అరటిపండు.
"బస్సు మళ్ళీ పడింది" అనేది, అంతే.
అయ్యో అనదు. ఏడవకు అనదు.

దాగుడుమూతల్లో దొరికిపోయినా, చెయ్యెత్తి తూచ్ అంటే
ఎంత ఓటమైనా చెరిగిపోయేది మా వీధిలో.
ఆ మాట చెల్లని చోటొకటుందని
నాకు పందొమ్మిదో ఏట తెలిసింది.
ఆ చలికాలం మా తమ్ముడి బూట్లు మాత్రమే ఇంటికొచ్చాయి.
నన్నెవరూ ఇసుక దగ్గర కూర్చోబెట్టలేదు.
నేల తుడిచాను.
ఇప్పటిదాకా తుడుస్తూనే ఉన్నాను.

ఏప్రిల్లో ఒక బుధవారం బస్సు పడింది.
పిల్ల చెయ్యి గాల్లో ఆగింది.
నేను తడిగుడ్డ పిండడం ఆపాను.
తూచ్ రాలేదు.

శాలువా కప్పుకున్న ముసలమ్మ బొమ్మని బస్సులోంచి తీసి
ఇసుకలో పడుకోబెట్టింది.
గొంతు దాకా కప్పింది. ఆలోచించింది. ముఖమూ కప్పింది.
అరచేత్తో జోకొట్టి
పైన ఒక పచ్చ గుండీ నాటింది.
అప్పుడు లేచి వెళ్ళి
రబ్బరు మనిషి పొట్టలో గుద్దింది, గుద్దింది,
"నాతో చెప్పకుండా పోయింది" అని అరిచింది
కింద మందుల షాపు దాకా వినపడేలా.
వాడు ప్రతిసారీ లేచి నిలబడ్డాడు.
వాడి ఉద్యోగం అదే.

వసారా బెంచీ మీంచి వాళ్ళ నాన్న
టోపీ నలుపుతూ లేచాడు.
"ఏమైనా చెప్పిందా?"
"ఆడుకుంది" అంది నెస్తాన్.
ఆయన వంగి ఎర్ర బూట్లు విప్పి
ఇసుక దులిపాడు, అప్పుడే తుడిచిన నా నేల మీద.
తిట్టబోయి ఊరుకున్నాను.
మెట్లు దిగుతూ పిల్ల, ఆకలేస్తోంది అంది.

నయమైందా అంటే నాకు తెలీదు.
మరుసటి వారం మళ్ళీ రెండుసార్లు తూచ్ వినబడింది.
ఆ పై వారం ఆవుకి
బంకమట్టితో నాలుగో కాలు మొలిచింది.

నిన్న రాత్రి హీటరు కింద ఊడుస్తుంటే
పచ్చ గుండీ దొరికింది.
జేబులో వేసుకుని మెట్ల మలుపు దాకా వెళ్ళాను.
తెల్లారితే బుధవారమని గుర్తొచ్చింది.
వెనక్కొచ్చి లైటు వేసి
గుండీని డబ్బాలో వేశాను.

తొట్టి పక్కన చిన్న కుర్చీ ఉంది.
మోకాలు ఒప్పుకోకపోయినా కూర్చున్నాను.
ఇసుకలో చెయ్యి పెట్టాను, మణికట్టు దాకా.
ఎవరూ ఏమీ అడగలేదు.