పెడచెవి

గొర్రె నెత్తురు కలిపిన అగర్ మీద
కందిబద్దంత ఆక్సాసిలిన్ బిళ్ల పెట్టి
రాత్రంతా వెచ్చగా పడుకోబెడతాను.
తెల్లారి మూత తీస్తే
బిళ్ల చుట్టూ ఖాళీ వలయం ఉండాలి:
మందు మాట విని
అవి ఎదగకుండా ఆగిన మేర.

ఆ చలికాలాల్లో వలయం ఉండేది కాదు.
బిళ్ల అంచుదాకా పాకి
దాన్ని ఒరుసుకుని కూర్చునేవి,
పెన్సిలిన్ వంశాన్నంతా పెడచెవిన పెట్టి.

వచ్చిందీ చెవుల్లోంచే.
ఆకురేరి ఆసుపత్రి నేలమాళిగకి
చీటీలు అంటించుకుని దిగేవి దూదిపుల్లలు:
పదకొండు నెలలు, కుడి చెవి, నాలుగోసారి.
రెండేళ్లు, రెండు చెవులూ.
పైన ఎక్కడో ఒక తల్లి
పడుకోబెడితే గుక్కపట్టే బిడ్డను భుజాన వేసుకుని
పదకొండింటికి గానీ తెల్లారని జనవరిలో
వంటగది పొడవు కొలుస్తూ ఉండేది.
ఫ్రిజ్ తలుపులో పెరుగు డబ్బా పక్కన గులాబి సిరప్.
అది పని చేయకపోతే ఇంకోటి.
అదీ పని చేయకపోతే
నా ఫోను మోగేది.

మా తమ్ముడు స్టేన్‌థోర్‌కి ఎడమ చెవి అలాగే పోయింది,
మూడో ఏట, కర్ణభేరి చిల్లుపడి.
చేపల పడవలో కెప్టెన్ ఎప్పుడూ
తన ఎడమ పక్కన ఉండేలా చూసుకుంటాడు.
తిట్లకి ఆ చెవి చాలంటాడు.

తర్వాత టీకా వచ్చింది.
మూడో నెల, ఐదో నెల, ఏడాది నిండగానే
తొడలో సూది, కాసేపు ఏడుపు, బొమ్మల ప్లాస్టర్.
పేపర్లో ఓ మూల వార్త.
నేనూ చదివి మర్చిపోయాను.

కొన్నేళ్లకి ఒక సోమవారం
ట్రే ఖాళీగా ఉంది.
దాల్‌విక్ క్లినిక్‌కి ఫోన్ చేసి అడిగాను:
మంచుకి బండి ఆగిపోయిందా, గ్రోవా?
బండి వచ్చిందిగా, అంది.
చెవులే రాలేదు.

జరగని జబ్బుకి చీటీ ఉండదు.
తాగని చెంచాడు సిరప్‌ని ఎవరూ లెక్క రాయరు,
వాటికి మొండితనం నేర్పకుండా
సీసాలోనే మిగిలిన చెంచాడు.

అంతా తీరిందని కాదు.
ఖాళీ అయిన కుర్చీల్లో
టీకాకి ముఖపరిచయం లేని రకాలు వచ్చి కూర్చుంటున్నాయి.
మొన్న ఒక ప్లేటులో మళ్లీ వలయం లేదు.
చాలాసేపు దీపం కింద తిప్పి తిప్పి చూశాను,
పాత పగవాడి చేతిరాత పోల్చుకుంటున్నట్టు.
నంబరు వేసి ఫ్రీజర్లో పెట్టాను.

ఆదివారం స్టేన్‌థోర్ వచ్చాడు.
నా మనవరాలు ఆల్‌ఫ్రూన్ వాడి ఒళ్లోకెక్కి
పోయిన చెవిలోనే ఏదో రహస్యం చెప్పింది.
వాడు గంభీరంగా తలూపాడు.
ఏం చెప్పిందిరా అంటే
ఎవరికీ చెప్పొద్దంది, అన్నాడు.

నేను వంటింట్లో
చప్పుడు కాకుండా బిస్కెట్ డబ్బా మూత తీశాను.

పరుగెత్తుకుంటూ వచ్చేసింది.