యంత్రం తరఫు చెయ్యి

భీమవరంలో ఆ మూడ్రోజులూ
నా కుడిచెయ్యి నాది కాదు.
రైస్ మిల్లర్ల అసోసియేషన్ హాల్లో
ఏసీ కింద, తెల్లగుడ్డ పరిచిన బల్ల ముందు
అది యంత్రానిది.
తెరమీద ఎత్తు కనబడగానే
గుర్రాన్ని లేపి, గుర్రాన్ని దించి,
గడియారం నొక్కి, చెయ్యి ఒళ్ళో పెట్టుకోవాలి.
ఆలోచించకూడదు.
రోజుకి రెండువేలు, మధ్యాహ్నం కొరమేను పులుసు.

ఎదురుగా గ్రాండ్‌మాస్టర్ మేడిశెట్టి చారుమతి.
అంకె ఆవిడకి కనబడదు, నాకే కనబడుతుంది.

నన్నే ఎందుకు పెట్టారంటే
నాకు మొహం లేదు.
పదకొండేళ్ళుగా ఎగుమతి కంపెనీకి
రొయ్యల కౌంట్ తీస్తున్నాను
కాళ్ళలో, ఆకివీడులో, గట్ల మీద.
విసురువల ఒక్కటి పడితే చాలు,
కిలోకి ఎన్ని తూగాయో చూసి
చెరువు మొత్తానికి ధర కట్టేస్తాం.
లెక్కపెడుతుంటే రైతు రొయ్యల్ని చూడడు,
నా కనుబొమ్మల్ని చూస్తాడు.
అందుకే వాటిని కదలనివ్వడం మానేశాను.

యంత్రమూ వల విసిరేదే.
నేను పూటకి ఒకటి, అది సెకనుకి కోటి.
ప్రతి పాయలోనూ ముప్పై ఎత్తుల దాకా ఈది,
పనికిరాని పాయకి మొదట్లోనే షట్టర్ దించి,
చివరికి ఒక్క అంకె పట్టుకొస్తుంది.

పాత యంత్రాలు లెక్క చెప్పేవట:
బంటుకి వంద, గుర్రానికి మూడొందల ఇరవై,
ఒకే వరసలో రెండు బంట్లు ఇరుక్కుంటే కోత,
రాజు ముందు తడిక లేకపోతే ఇంకా కోత.
అచ్చం మా కమీషన్ చిట్టా.
ఇది అలాక్కాదు,
తనతో తనే ఆడుకుని ఆడుకుని నేర్చిందిట.
"ఎందుకంత అని అడక్కు యేసుపాదం బాబాయ్,
దానికీ తెలీదు" అన్నాడు తెచ్చిన కుర్రాడు.
మా నాన్న ఒడ్లగింజ పంటికింద నొక్కి
పదిహేడు తేమ అనేవాడు.
మీటరు పెడితే పదిహేడే.
ఆయన్నీ ఎవరూ అడగలేదు.

మొదటి రెండాటలూ ఆవిడ ఓడింది.
పీక నులిమినట్టు కాదు.
బంటులో పావు, బంటులో అర,
పోటుకీ పాటుకీ గట్టు కోసుకుపోయినట్టు.

మూడో ఆట, ముప్పై ఒకటో ఎత్తు.
ఏనుగుని ఇచ్చేసింది. ఊరికే.
అంకె గెంతింది: నాలుగున్నర, మాకు.
మాకు అనుకున్నాను, చూడండి.
వెనక వరసలో ఎవరో "అయ్యో" అన్నారు.
తీసుకోమంది యంత్రం. తీసుకున్నాను.
ఆవిడ గుర్రం పక్కకి జరిగింది, పీత నడక.
మూడు.
శకటు అడ్డం పెట్టాను.
మంత్రి వచ్చి రాజుకి చెక్ చెప్పింది.
ఒకటిన్నర.
పాటు తీసినప్పుడు ఉప్పుటేట్లో
నీళ్ళు చప్పుడు లేకుండా వెనక్కి నడుస్తాయి,
ఎవరూ నెట్టరు.
చెక్. రాజు జరిగాడు. చెక్. మళ్ళీ అక్కడికే.
సున్నా.
సున్నా.
కోటి వలల్లోనూ సున్నా.
నా ఎడమ రెప్ప కొట్టుకుంది.
ఆవిడ చూసింది.

డ్రా అయ్యాక మెట్ల దగ్గర టీ తాగుతూ అడిగింది:
"ఏనుగు దగ్గర ఎంత చూపించిందండీ?"
నాలుగున్నరన్నాను.
టీ పొలమారేలా నవ్వింది.
"అంతా! నాకు కనబడింది నాలుగెత్తులే.
ఆపైన నీళ్ళు కలకగా ఉన్నాయి. దిగాను."
నా మొహం చూసి కాదు గదా?
"రెప్ప చూశాను. కానీ అప్పటికే
ఒడ్డు కాలికి తగిలింది లెండి."

మర్నాడు తెల్లారుజామున నాలుగింటికి
పెనుమత్స రంగరాజు గారి చెరువు.
ఏరియేటర్లు చీకటిని చిలుకుతున్నాయి.
వల విసిరాను, కిలో తూచాను, లెక్కపెట్టాను.
నలభై రెండు.
కంపెనీ అలవాటు ప్రకారం నలభై అయిదు అనాలి.
టార్చిలైటు రొయ్యల మీదుంది,
ఆయన కళ్ళు నా కనుబొమ్మల మీదున్నాయి.
"ఎంతొచ్చిందండీ?"
కుడిచెయ్యి ఇంకా బుట్టలోనే ఉంది,
తడిగా, చల్లగా,
ఒక రొయ్య వేళ్ళ మధ్య ఎగురుతూ.
నాదే, చెయ్యి.

నలభై రెండండి, అన్నాను. ఆయ్.