ఎర్ర సిరా

సోమవారం పొద్దున, మొదటి గంట కొట్టకముందే
కామ్రేడ్ జెవాహిర్ నా బల్ల మీద కాగితం పెట్టాడు.
రెండే వరుసలు:
గోళ్లు చూడాలి. పేర్లు రాయాలి.

నిన్న ఏ రోజో ఎవరూ అనలేదు.
కాలువ తవ్వడానికి ఊరంతా ‘స్వచ్ఛందంగా’ వెళ్లిన
ఉత్త ఆదివారం అది.
దేవుణ్ణి చట్టం రద్దుచేసి పదేళ్లయింది.

కోర్చాలో ఏప్రిల్‌కి కూడా చలి వదలదు.
పిల్లలు చేతులు చాపి నిలబడ్డారు.
ముప్పై ఒక్క మంది, మూడు వందల పది గోళ్లు.
మట్టి గోళ్లు, కొరికిన గోళ్లు,
ఆంద్రోనికి గోటి కింద నల్లగా గడ్డకట్టిన రక్తం,
తలుపు సందులో పడిందట.

ఉల్లిపొట్టు రంగు నాకు చూడగానే తెలుస్తుంది.
మా అమ్మ ఎఫ్తాలి ఏడాదంతా ఆ పొట్టు దాచేది,
మొక్కజొన్న పిండి డబ్బా వెనక, పాత మేజోడులో.
గుడ్లు ఉడికే రాత్రి వాసన పొరుగింటికి పోకుండా
పొయ్యిలో అరిగిన రబ్బరు చెప్పు కాల్చేది.
మేం దగ్గుతుంటే నవ్వేది.
ఎర్ర పెంకులు మెత్తగా నూరి కోళ్లకే వేసేది,
“కోడి సాక్ష్యం చెప్పదులే” అని.

చర్చి ఇప్పుడు ట్రాక్టర్ల షెడ్డు.
పాత పలకరింపు మాత్రం రొట్టెల క్యూలో బతికింది.
లేచాడా?
ఎవరని ఎవరూ అడగరు.
ఎవరి మొగుడో, ఎవరి మనవడో,
రాత్రి షిఫ్టు చేసొచ్చి పడుకున్నవాడు.
లేచాడు, నిజంగానే లేచాడు.
పక్కనే పోలీసు ఆవలిస్తుంటాడు.

నాకు ప్రార్థన మొత్తం రాదు.
పదకొండేళ్లప్పుడు మూతపడ్డ నోరు నాది.
‘మా తండ్రీ’ అని మొదలెట్టి
అనుదినాహారం దాకా వెళ్లి
మెట్టు విరిగినచోట ఆగినట్టు ఆగిపోతాను.
రోజూ అక్కడిదాకానే వెళ్తాను.

మూడో బెంచీ. సోతిర్.
కుడిచేతి బొటనవేలు.
వాళ్లమ్మ బూడిదతో తోమి తోమి తోలు లేపింది గానీ
గోటి అంచున ఆ సన్నటి గీత పోలేదు.
తొమ్మిదేళ్లవాడు నా కళ్లలోకి చూశాడు,
తప్పు చేసినవాడిలా కాదు,
ఇంటికి కాపలా ఉన్నవాడిలా.
తలుపు దగ్గర జెవాహిర్ గొంతు సవరించుకున్నాడు.

సిరాబుడ్డి తోశాను.
ధైర్యమని చెప్పుకోవాలనే ఉంది.
చెయ్యి వణికింది, ఆ వణుకుని చివరిదాకా పోనిచ్చాను, అంతే.
మార్కులు వేసే ఎర్ర సిరా
వాడి పది వేళ్ల మీద, నా స్కర్టు మీద,
పేర్లు రాయాల్సిన ఖాళీ మీద.

“చేతకాని మనిషివి” అన్నాడు జెవాహిర్.
ఆ చేతుల్ని మాత్రం
అవసరానికన్నా ఒక్క క్షణం ఎక్కువ చూశాడు.
ఆ క్షణం ఇప్పటికీ నా నిద్రలోకి వస్తుంది.
బుడ్డి ఖరీదు జీతంలో కోశారు.

పంపు దగ్గర వాడి వేళ్లు కడుగుతూ
“మీ తమ్ముడు లేచాడా?” అన్నాను.
నోరు జారిందో, నేనే జార్చానో.
నీళ్లు కత్తిలా కోస్తున్నాయి.
వాడు చేతులు వెనక్కి తీసుకోలేదు.
“నిజంగానే లేచాడు, టీచర్.”

సోతిర్ వాళ్లింట్లో ఒక్కడే సంతానం.
రిజిస్టరు రాసేది నేనే.