గాలి లెక్క

పోయిన చలికాలం, సుంబా కొండ అంచున
హానుస్ మోటారుకి పళ్ళూడాయి.
పాలపళ్ళలా, గేరు చక్రంలోంచి, ఒక్కొక్కటే.

ఆ తర్వాత యాంటెన్నా
గాలి ఎటు చూడమంటే అటే చూసింది.
నెలరోజులు అతను
గాలి ఎంచినవాళ్ళతోనే మాట్లాడాడు:
గ్రీన్‌లాండ్‌లో ఒక నర్సు,
పేరు సగమే వినబడ్డ ఓడ.

ఇప్పుడు వంటబల్ల మీద కాగితం.
ఎన్ని చదరపుటడుగుల గాలి మొయ్యాలో
కూడి, కొట్టేసి, మళ్ళీ కూడి.

చేపల పడవ నడిపే రన్వా
కాఫీ చల్లార్చుకుంటూ అంది:
"తిప్పడానికెంత బలమని అడుగుతున్నావు.
తిరక్కుండా నిలవడానికెంతో చూడు."

బ్రేకు అంకె చూశాడు. చాలదు.
కొత్తదానికి డబ్బూ చాలదు.

పొద్దున్నే నిచ్చెనెక్కి
రెండు కడ్డీలు విప్పి దించాడు.
ఆ మేరకు దూరాలు తగ్గాయి.
కడ్డీలు రన్వా పట్టుకెళ్ళి
చేపలు ఆరేసింది,
అదే గాలికి.