రెండో బకెట్టు

జులైలో ఫర్వానియాలో
చన్నీళ్ల కొళాయి తిప్పినా కాగిన నీళ్లే వస్తాయి.
మిద్దె మీద ట్యాంకు పొద్దంతా ఎండలో ఉడికి
రాత్రికి మా మీద పగ తీర్చుకుంటుంది.
అందుకే పడుకోబోయే ముందు
ఎవరి బకెట్టు వాళ్లం నింపి పెట్టుకుంటాం
తెల్లారేసరికి ఒళ్లు ఓర్చుకునేంత చల్లబడుతుందని.
ఆరు మంచాలు, ఆరు బకెట్లు, ఒకటే బాత్రూము.
ఒకరి నీళ్లు ఒకరు ముట్టుకుంటే
ఆ దినం ఎవరికీ అన్నం సయించదు, అంత రచ్చ.

సువార్త గోదారి పిల్ల.
రాజోలు పక్కన ఏదో లంక, పేరు చెప్పింది, నాకు నోరు తిరగలా.
ఎనిమిదేండ్ల కొడుకు హాస్టల్లో.
మొగుడు లేడు. లేడంటే
సచ్చిపోయినాడా, ఇడిచిపెట్టినాడా
చెప్పలా, మేమూ అడగలా.
నాలుగిండ్ల పని చేసొచ్చి మళ్లా మా గిన్నెలు తోమేది.

ఒక శుక్రవారం కింది వాటాలో బుఖూర్ వేసినారు.
ఆ వాసనకి బాత్రూముకి పరిగెత్తింది.
పై శుక్రవారమూ అంతే.
ఓబుళమ్మ నా దిక్కు చూసింది, నేను ఖాజాబీ దిక్కు చూసినా.
ముగ్గురమూ కన్నోళ్లమే.

నిజం చెప్తా.
నాకు ముందు జాలి రాలా, భయమొచ్చింది.
నిఖా కాయితం లేని కడుపుకి
డాక్టరు కంటే ముందు పోలీసొస్తాడని
అందరమూ విన్నదే.
నా అకామా పోతే? నా బిడ్డ నర్సింగు ఫీజు?
ఎవరిదే ఇది అని
నాలుక చివరిదాకా వచ్చింది.
అది మంచం కోడు పట్టుకుని కూర్చోనుండాది.
కాళ్ల దగ్గర కొడుక్కి కొన్న బూట్లు,
లోపలి కాయితం ఉండలు కూడా తీయలా.
"పొమ్మంటే పోతా అక్కా" అనింది.
యాడికని అడగాల నేను. నోరు పెగల్లా.

ఆ రాత్రి ఎవరూ తీర్పు చెప్పలా.
"ఉంచుకుంటావా" అని ఓబుళమ్మ ఒక్క మాట అడిగింది.
తెల్లారి చెప్తాననింది. తెల్లారి చెప్పలా.
మూడోనాడు చపాతీ పిండి పిసుకుతా
పిండికి చెప్పినట్టు
"ఉంచుకుంటా" అనింది.
"సరే, ఉప్పు తక్కువెయ్ అయితే" అనింది ఓబుళమ్మ.

ఆ నెల చీటీ ఖాజాబీది.
నూట ఎనభై దినార్లు, మిద్దె పగుళ్లకి దాచుకున్నవి.
లెక్కపెట్టి సువార్త దిండు కింద పెట్టి
"ఈ వానకి కూడా కారితే కారనీలే" అనింది.
నేను నా అబాయా కుట్లు విప్పి
రెండు పక్కలా జానెడు గుడ్డ కలిపినా.
బకాలా మలబారాయన, మేమేం చెప్పకుండానే,
పచ్చి మామిడికాయ రెండెక్కువ వేసేవాడు.
నిచ్చెనెక్కే పనులు మేం పంచుకున్నాం, కిటికీలూ, ఏసీలూ.
"మొకం లావైందేంటమ్మా" అని కొడుకు ఫోన్లో అడిగితే
"కుబుస్ తిని" అనింది.
ఫోను పెట్టి నవ్వింది. నవ్వు మధ్యలోనే
ఎట్లా మారిపోయిందో, దుప్పటి మొకం మీదికి లాక్కునింది.

ఎవరు మొదలుపెట్టినారో తెలీదు.
ఒక రాత్రి సువార్త బకెట్టు పక్కన ఇంకో బకెట్టు,
నిండుగా, పైన పళ్లెం మూత.
మరుసటి రాత్రీ ఉండాది.
రెండు పానాలకి ఒక బకెట్టు యాడ సాలుతుంది.

ఆగస్టు ఆఖర్లో ఎక్కించినాం విమానం.
రాయచోటిలో ఖాజాబీ ఆడబిడ్డ మిషను కుట్టుకుంటాది,
కాన్పుదాకా ఆమె దగ్గర.
కొడుక్కేం చెప్పాల, లంకలో వాళ్లకేం చెప్పాల,
అది అప్పుడు చూసుకోవాల.
మా దగ్గర దానికి జవాబు ల్యాకపాయె.

ఆ మంచానికి కొత్తామె వచ్చింది, పెద్దిరాజు పెండ్లాం,
మనిషి గట్టిది, వచ్చిన రోజే అలమర సగం ఆక్రమించింది.
పొద్దున్నే బాత్రూములోనుంచి అరిచింది,
ఏడో బకెట్టు ఎవరిది అని.
అలవాటున నింపినాను నేనే.
చెప్పబోతా ఉంటే
ఓబుళమ్మ దువ్వెన నోట్లో పెట్టుకోనే అనింది,
"మనదే. పోసుకో."